నడిగూడెపు కోటయు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారును



హైదరాబాదు నుండి విజయవాడకు బోవు పెద్దబాటపై సూర్యాపేట దాటిన పిమ్మట, కోదాడ చేరకమునుపు, మునగాల యను గ్రామము గలదు. దానికి చేరువనే నడిగూడెమను మఱియొక గ్రామము, అందు మునగాల రాజావారి పాత కోటయు నున్నవి. నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల నుండి మన పాఠశాలకు వచ్చు పిల్లలలో ననేకు లాత్రోవను బోయినవారే. ఒకనాడు తరగతిలో, ఆ కోటలో నెవరుండిరని నే నడిగితిని. రాజుగారుండిరని కొందఱు చెప్పిరి. మన జాతీయపతాక మక్కడనే రూపొందెనని పెద్దలవలన విన్నట్లు మఱికొందఱు చెప్పిరి. ఆ రాజుగారి దివానెవరో చెప్పగలవా డొక్కడును లేకపోయెను. ఆ దినము నా మనస్సునకు గలిగిన కొఱతయే ఈ వ్యాసమునకు గారణము.

కోటలు రాళ్లతో గట్టబడును. రాళ్లు కన్నులకు గనబడును గనుక వానిని గట్టించిన వారి పేళ్లు జనులకు జ్ఞాపకముండును. ఆ గోడలనడుమ దీపము ముందు గూర్చుండి వ్రాసికొన్న వాని పే రంత సులభముగా నిలువదు. అట్టి పేరొకటి కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారిది. తెలుగుభాషలో నాధునిక విజ్ఞానసర్వస్వమును నిర్మింప బూనుకొన్న మహనీయుడాయన.

పంతులుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణామండలములో నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. ఆ గ్రామము మునేటి యొడ్డున నున్నది. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. శైశవముననే తండ్రి గతించుటచే కుటుంబభారము సవతియన్నగారైన శంకరరావుగారిపై బడెను. వారు నిజాము రాజ్యములోని భువనగిరిలో నుండుటచే లక్ష్మణరావుగారి తొలిచదువు భువనగిరిలో సాగెను. కావున పుట్టుకచే గృష్ణామండలము వారయ్యు, అక్షరాభ్యాసముచే నాయన మన నల్లగొండ సీమవారని చెప్పుకొనుటలో దోషము లేదు.

పంతులుగారి కంటె మూడేండ్లు పెద్దదైన అక్కగారు అచ్చమాంబగారు. ఆ కాలపు టాచారము ననుసరించి ఆమెకు బాల్యముననే వివాహము జరిగెను. భర్త బండారు మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుండిరి. లక్ష్మణరావుగారు పై చదువునకై అక్కగారి యింటికి నాగపురమునకు బోయిరి. బడికి బోవు భాగ్యము లేని ఆ సోదరి తమ్ముడు చదువుకొనునపుడు ప్రక్కన గూర్చుండి తానును తెలుగు, హిందీ భాషలను నేర్చుకొనెను. ఒకని పుస్తకమునుండి యిద్దఱు చదువుకొన్న యా దృశ్యమును మీరొక్కసారి యూహింపుడు. పాఠము విన్నవా డొకడు, వినుచున్నవానిని జూచి నేర్చుకొన్నది మఱియొకతె. విద్య యన్నది నలుగురితో బంచుకొనవలసినదని పంతులుగారికి మొదట బోధించిన పాఠశాల ఆ యిల్లేయని నా నమ్మకము.

ఆ సోదరి సామాన్యురాలు గాదు. స్వయంకృషిచే బండితురాలై, భారతదేశమునందలి యుత్తమస్త్రీల చరిత్రములను గూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' యను గ్రంథమును రచించి 1901లో వెలువరించెను. 1902లో ఆమె వ్రాసిన 'ధనత్రయోదశి'ని తెలుగులో దొలినాటి కథలలో నొకటిగా విమర్శకులు లెక్కింతురు. ఆంధ్రదేశమున సంచరించి స్త్రీ సమాజముల నెలకొల్పుటకు దోడ్పడెను. కన్నబిడ్డలను గోల్పోయిన యా తల్లి తక్కిన జీవితమును పరుల సేవకే యర్పించి, 1905వ సంవత్సరము జనవరి నెలలో, ప్లేగు వ్యాధిగ్రస్తులకు బరిచర్య చేయుచు, ముప్పదియొక్క యేండ్లయిన నిండకయే కన్ను మూసెను. మఱుసటి యేట బంతులుగారికి గుమార్తె కలుగగా ఆ బిడ్డకు అక్కగారి పేరే పెట్టిరి. ఆ బిడ్డయే తరువాత వైద్యవిద్య నభ్యసించి ప్రసిద్ధి గాంచిన డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారు. ఆమె 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు నెన్నికయ్యెను. చాటుగా గూర్చుండి యక్షరములు నేర్చుకొన్న మేనత్త పేరు పెట్టుకొన్న బాలిక వైద్యురాలై దేశపు శాసనసభలో గూర్చుండుటకు నడుమ గడచిన కాల మొక్క తరము మాత్రమే.

నాగపురములో లక్ష్మణరావుగారు పట్టపరీక్షయందును, పిదప 1900 ప్రాంతమున ఎం. ఏ. పరీక్షయందును నుత్తీర్ణులైరి. తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషులే గాక మరాఠీ, హిందీ, వంగ, ఉర్దూ భాషలు వారికి వచ్చెను. మరాఠీ భాషలో వారికి గలిగిన పాండిత్యము సామాన్యమైనది గాదు. ఆ భాషలోని పత్రికలలో వ్యాసములు వ్రాసి మహారాష్ట్ర పండితుల మెప్పు వడసిరి. మహారాష్ట్రమున నా కాలమున జరుగుచున్న చరిత్ర పరిశోధనమును, శాస్త్రవిషయములను దేశభాషలో వ్రాయవలెనన్న యుత్సాహమును వారు చేరువనుండి చూచిరి. చూచిన కొలది వారి హృదయములో నొక ప్రశ్న ముల్లువలె నాటుకొనెను. పొరుగువాని భాషలో నింత జ్ఞానము పేరుకొనుచుండగా మన తెలుగులో నేల లేదు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే వారి తక్కిన జీవిత మంతయు వ్యయమయ్యెను.

చదువు ముగించిన లక్ష్మణరావుగారు మునగాల సంస్థానాధిపతులైన రాజా నాయని వేంకట రంగారావు బహద్దరుగారి కొలువున జేరి దివానైరి. మునగాల పరగణా వింతయైన సీమ. సుమారు 40 గ్రామములు గల యీ జమీందారీ నాల్గువైపులను నిజాము రాజ్యముచే జుట్టబడి యుండియు, తాను మాత్రము బ్రిటిషువారి కృష్ణామండలములో నొక భాగమై యుండెను. సముద్రమధ్యమున నొక ద్వీపమెట్లో, నిజాము సీమ మధ్యమున మునగాల యట్లుండెను. ఆ పరగణా తరువాతి కాలమున నల్లగొండ జిల్లాలో గలిసెను. 2016లో జిల్లాలను విభజించినప్పుడు సూర్యాపేట జిల్లాలోనిదయ్యెను.

ఆ ద్వీపములో నున్న వానికి రెండు గట్టులును గనబడును. ఒకవైపున తీరాంధ్రమున అచ్చుకూటములు, పత్రికలు, వీరేశలింగము పంతులుగారు నాటిన సంస్కరణోద్యమము. మఱియొకవైపున తెలుగువారే యధికసంఖ్యాకులై యుండియు, రాజభాష ఉర్దూ యగుటచే తల్లిభాషలో జదువుకొను బడులు కొఱవడిన తెలంగాణము. లక్ష్మణరావుగారు రెండు గట్టులను నెఱిగినవారు. పెనుగంచిప్రోలున బుట్టి భువనగిరిలో జదివినవారికి ఆ రెంటి నడుమనున్న సరిహద్దు కాగితముపై గీచిన గీత మాత్రమే.

దివానుగిరి యనగా మాటలు గాదు. శిస్తు లెక్కలు, గ్రామముల తగవులు, న్యాయస్థానములలో వ్యవహారములు, దొరలతో నుత్తరప్రత్యుత్తరములు, ఇవన్నియు దివానుపై బడును. అట్టి యుద్యోగములో జేరినవా డనేకులవలె ధనార్జనమునో, అధికారమునో కోరుకొని సుఖముగా నుండవచ్చును. లక్ష్మణరావుగా రట్లు చేయలేదు. తనకు యజమానియైన రాజుగారి యుదారతను ఆంధ్రభాష వైపునకు ద్రిప్పిరి. రాజుగారును సంతోషముతో దానికి సమ్మతించిరి. విద్యయందు బ్రీతిగల ప్రభువును, ఆ ప్రీతికి మార్గము చూపగల మంత్రియు నొకచోట గూడుట లోకములో నరుదు.

ఆ కూటమికి దొలిఫలము శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరములో నిది స్థాపింపబడెను. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారు, లక్ష్మణరావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు మొదలగువారు దీనికి గారకులు. ఒక గ్రంథాలయమును దెఱచుట యేపాటి కార్యమని మీ కిప్పుడు తోపవచ్చును. కాని యా దినములలో హైదరాబాదు నగరమున తెలుగు పుస్తకము చదువగోరువాడు పోదగిన చోటు లేదు. నలుగురు తెలుగువారు గూడి తమ భాషలో మాటలాడుకొనుటకే సంకోచించు కాలమది. ఆ తరువాత నిరువదియేండ్లకు, అనగా 1921లో గూడ, హైదరాబాదున జరిగిన యొక సంస్కార సభలో తెలుగులో మాటలాడిన వక్తను సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను. దీనిని బట్టి 1901లో ఆ భాషానిలయపు తలుపులు దెఱచుట యెంత సాహసమో మీరే గ్రహింపగలరు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి. ఒక దీపమునుండి మఱియొక దీపము వెలిగినట్లు తెలంగాణమునం దీ గ్రంథాలయములు వ్యాపించెను.

గ్రంథాలయ మేర్పడగానే రెండవ చిక్కు తలయెత్తెను. అలమారలు సిద్ధమైనవి, వానిలో నుంచదగిన పుస్తకము లేవి? కావ్యములు, పురాణములు, శతకములు గలవు. కాని దేశచరిత్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, వైద్యము, అర్థశాస్త్రము తెలుగులో జదువగోరు వానికి జేతికందునవి మిక్కిలి తక్కువ. ఈ కొఱత దీర్చుటకై 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడెను. లక్ష్మణరావుగారు దానికి సంపాదకులు. మునగాల రాజావారు, రావిచెట్టు రంగారావుగారు పోషకులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, పిదప డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు మొదలగు విద్యావంతులు దానికి దోడ్పడిరి.

మండలివారు ప్రకటించిన తొలిగ్రంథము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర. కట్టెల గుడిసెలో బుట్టి, పుస్తకములు ఎరువు దెచ్చుకొని చదివి, బానిసల విముక్తికి గారణభూతుడైన యా మహాపురుషుని చరిత్రమును మొదటి పుస్తకముగా నేర్పఱచుటలో సంపాదకుని యుద్దేశము స్పష్టముగా గనబడుచున్నది. రాజుల యాశ్రయమున నుండియు, తెలుగు బాలుని చేతిలో ఆయన మొదట బెట్టినది రాజచరిత్రము గాదు, పేదవాని చరిత్రము. పిమ్మట చరిత్రములు, ప్రకృతిశాస్త్రములు, వైద్యవిషయములు, చారిత్రక నవలలు వరుసగా వెలువడెను. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' 1910లో నీ మండలిద్వారానే ప్రకటితమై, ఆంధ్రులకు దమ పూర్వులెవరో తెలిపెను. లక్ష్మణరావుగారు స్వయముగా 'శివాజీ చరిత్రము', 'హిందూమహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' అను చరిత్రగ్రంథములను రచించిరి.

శాస్త్రగ్రంథమును దెలుగులో వ్రాయుటలో గల శ్రమను మేము, బోధించువారము, కొంత యెఱుగుదుము. ఇంగ్లీషులో నొక మాటకు తెలుగులో నేమనవలెను? సంస్కృతమునుండి క్రొత్తపదము గల్పింపవలెనా, పామరులు వాడుకొను మాటను దీసికొనవలెనా, పరభాషాపదము నట్లే యుంచవలెనా? ఒకచో నొకవిధముగను, వేఱొకచో వేఱొకవిధముగను వ్రాసిన చదువరికి గందరగోళము గలుగును. అట్లు గాకుండ ననేకులు వ్రాసిన గ్రంథములను సరిదిద్ది, ఒక క్రమమునకు దెచ్చుట సంపాదకుని పని. ఆ పని పైకి గనబడదు. పుస్తకముపై రచయిత పేరుండును. దిద్దినవాని శ్రమ రచయిత వాక్యములలో గలిసిపోవును. నేడు మనము తరగతిలో సులభముగా నుచ్చరించు శాస్త్రపదములలో ననేకము లట్టి మఱుగున బడిన శ్రమకు ఫలములే.

హైదరాబాదున మండలికి స్వేచ్ఛ చాలకపోవుటచే 1908లో దాని కార్యస్థానమును మద్రాసునకు మార్చిరి. ఆ సంవత్సరముననే హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై గారాగృహమునకు బంపబడిరి. ఇట్టి యుపద్రవముల నడుమను బంతులుగారు నిరుత్సాహపడలేదు. పైగా, మఱింత గొప్ప కార్యమునకు నడుము గట్టిరి. అదియే ఆంధ్ర విజ్ఞానసర్వస్వము.

విజ్ఞానసర్వస్వ మనగా సమస్త విషయములను అకారాది క్రమమున వివరించు మహాగ్రంథము. ఆంగ్లేయులకు బ్రిటానికా గలదు. దాని మొదటి కూర్పు 1768 మొదలు 1771 వఱకు ఎడింబరో పట్టణమున వెలువడెను. ఫ్రాన్సుదేశమున దిదెరో పండితుడు తన విజ్ఞానసర్వస్వమునకై యిరువదియేండ్లకు బైగా శ్రమించెను. ఆ దేశములలో నట్టి గ్రంథములకు ననేక పండితుల సహాయమును, పుస్తకము గొను ధనికులును, నిండిన గ్రంథాలయములును దోడ్పడెను. తెలుగుదేశమున నీ మూడును గొఱవడియే యుండెను. అయినను లక్ష్మణరావుగారు 1912–13 ప్రాంతమున నీ కార్యము నారంభించిరి. హరిసర్వోత్తమరావుగారు, యువకులైన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు, రాయప్రోలు సుబ్బారావుగారు మొదలగువారు వేర్వేఱు కాలముల వారికి సహాయులుగా నుండిరి. వీరిలో శర్మగారును, వీరభద్రరావుగారును తరువాత ఆంధ్రచరిత్ర పరిశోధకులలో నగ్రగణ్యులైరి. పంతులుగారి వ్రాతబల్ల యొద్ద గూర్చుండుటయే వారికి విశ్వవిద్యాలయమయ్యెను.

1915 మొదలు కొన్ని సంవత్సరములలో మూడు సంపుటములు వెలువడెను. వానిలో అథర్వవేదము, అద్వైతము, అష్టాధ్యాయి వంటి ప్రాచీన విషయములును, చరిత్ర, గణిత, ప్రకృతిశాస్త్ర విషయములును గలవు. పెక్కు వ్యాసములు పంతులుగారే స్వయముగా వ్రాసిరి. ఒక్కొక్క విషయమునకు మూలగ్రంథములను వెదకి, చదివి, పోల్చి, నిశ్చయించి గాని వారు కలము పట్టువారు గారు. ఇంత చేసియు గ్రంథము అకారమును దాటలేదు. తెలుగు వర్ణమాలలో మొదటి యక్షరముకడనే మూడు సంపుటములు నిండెను. దీనినిబట్టి వారు త్రవ్వబూనిన గని యెంత లోతైనదో తెలియును. చేతిలో ధనము తఱిగెను, చందాదారులు చాలరైరి, కార్యము కుంటువడెను.

ఈ కాలమున బంతులుగా రెక్కువగా మద్రాసుననే యుండిరి. అచ్చట వేదవిలాస మను వారి నివాసము పండితులకు విడిదియై యుండెను. వృద్ధులైన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919వ సంవత్సరము మే నెల 27వ తేదీన ఆ గృహముననే దేహము చాలించిరి. ఆంధ్రమున వెలసిన యొక యుగపురుషుడు తన తుదిదినములను, తాను నాటిన విత్తును మఱియొక విధముగా బెంచుచున్న వాని యింట గడపుట మనస్సును గదలించు విషయము.

నాలుగేండ్లు గడచెను. లక్ష్మణరావుగారు నిలిచిపోయిన విజ్ఞానసర్వస్వమును మఱల సాగింపవలెనని యత్నించుచుండగనే, 1923వ సంవత్సరము జూలై నెల 12వ తేదీన మద్రాసులో స్వర్గస్థులైరి. అప్పటికి వారి వయస్సు నలువదియాఱేండ్లు మాత్రమే. ఈ వాక్యము వ్రాయునపుడు నా చేయి యొక నిమిషము నిలిచినది. ఇంచుమించుగా నా వయస్సే యది. అంతలో నా మహనీయుడు గ్రంథాలయము లెత్తించెను, గ్రంథమండలి నడపెను, చరిత్రములు వ్రాసెను, శిష్యుల దీర్చెను, విజ్ఞానసర్వస్వమునకు బునాదివేసెను. నేనేమి చేసితినని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. ఉపాధ్యాయుడు తన్ను దా నడుగుకొనవలసిన ప్రశ్న గనుక మీకును జెప్పుచున్నాను.

ఇక నడిగూడెపు కోట మాట. చరిత్ర చెప్పువాడు ఒక ప్రక్కనే చూపరాదు. మునగాల రాజావారి యుదారత నిజము. పింగళి వెంకయ్యగారు వారి యాశ్రయమున నుండి ప్రత్తి మొదలగు పైరులపై బరిశోధనలు చేసిరి. 1921లో బెజవాడలో వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జూపిన పతాకము నడిగూడెపు కోటలో రూపొందెనని యీ ప్రాంతమువారు చెప్పుకొందురు. కాని పుస్తకములకు, పరిశోధనలకు వ్యయమైన యా ధనము పరగణా రైతులు చెల్లించిన శిస్తులలోనిదే. 1930 తరువాతి దశాబ్దమున ఆ రైతులే వెట్టిచాకిరికిని, జమీందారీ భారములకును వ్యతిరేకముగా లేచి పోరాడిరి. 1948లో మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టముచే జమీందారీలు రద్దయ్యెను. కోటకు శిస్తు మోసికొనివచ్చు కాలము ముగిసెను.

ఈ రెండు సత్యములను మీ రొక్కచోట నుంచి చూడవలెను. రాజుగారి దానము గొప్పదే. దానమునకు మూలమైన చెమటయు మఱువదగినది గాదు. ఆ చెమట కొంతయైన రైతుబిడ్డకు దిరిగి ముట్టినదా యని యడిగినచో, ముట్టినదనియే చెప్పవలెను. రాజుగారి యితర వ్యయములేవియు నేడు కనబడవు. కాని తల్లిభాషలో శాస్త్రము చదువుకొను మార్గము మాత్రము నిలిచినది. ఆ మార్గమున నేడు నడచుచున్నది రైతుల బిడ్డలును, కూలివాండ్ర బిడ్డలునే. కోటలోని ధనమును గోట వెలుపలివారి విద్యకు ద్రిప్పిన యా దివాను నేర్పు ఇందు వలన మఱింత మాన్యమగుచున్నది.

పంతులుగారు గతించినను వారి పని గతింపలేదు. హైదరాబాదున నాంధ్రచరిత్ర పరిశోధనమునకై యేర్పడిన మండలికి వారి స్మృత్యర్థము లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరు పెట్టిరి. ఆ మండలివారు తెలంగాణమునందలి శిలాశాసనములను సేకరించి 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించిరి. చెదరియున్న పంతులుగారి వ్యాసములు 'లక్ష్మణరాయ వ్యాసావళి' యను పేర గ్రంథరూపము దాల్చెను. నిలిచిపోయిన విజ్ఞానసర్వస్వమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మఱల చేపట్టిరి. వారును 1938లో దివంగతులైరి. పిదప 1947లో స్థాపితమైన తెలుగు భాషాసమితి విషయముల వారీగా విజ్ఞానసర్వస్వ సంపుటములను బ్రకటించెను. అందు తెలుగు సంస్కృతికి సంబంధించిన సంపుటమునకు సోమశేఖరశర్మగారు, అనగా పంతులుగారి వ్రాతబల్ల యొద్ద దొలిపాఠములు నేర్చిన వారే, పాటుపడిరి. హైదరాబాదున సంగ్రహాంధ్ర విజ్ఞానకోశ సమితియు ననేక సంపుటములను వెలువరించెను. ఒకడు విడిచిన పలుగును మఱియొకడు చేపట్టి త్రవ్వుచు బోయినందుననే ఆ బావిలో నీరు పడినది.

విద్యార్థులారా! మన ప్రాంతమువారికి, మేము పల్లెటూరివారము, మా వలన నేమగునన్న నిరాశ తఱచుగా గలుగుచుండును. పెనుగంచిప్రోలు మహానగరము గాదు. నడిగూడెము రాజధానియు గాదు. తండ్రిలేని బాలుడు అన్న యింటను, అక్క యింటను బెరిగి, పరభాషలవారి నడుమ జదువుకొని, చిన్న సంస్థానములో నుద్యోగము చేయుచు, తెలుగుజాతి కంతటికి జ్ఞానభాండాగారమును సమకూర్ప సంకల్పించెను. సంకల్పము పూర్తి కాలేదు. అయినను, అకారముతో నిలిచిపోయిన యా గ్రంథమును నేను విఫలమని తలపను. బడిలో బిడ్డ మొదట దిద్దునదియు అకారమే. తక్కిన యక్షరములు దిద్దుట తరువాతివారి పని.

ఇకమీదట మునగాల మీదుగా బోవునపు డొకసారి నడిగూడెము వైపు చూడుడు. ఆ కోటలో నెవరుండిరని మీ తమ్ములో, చెల్లెండ్రో యడిగినచో, రాజుగారితో పాటు దివానుగారి పేరును జెప్పుడు. అంతకంటె మేలైనది మఱియొకటి గలదు. మీ యింట బడికి బోవు భాగ్యము లేని యక్కయో, తల్లియో యున్నచో, మీరు చదువుకొనునపు డామెను ప్రక్కన గూర్చుండబెట్టుకొనుడు. లక్ష్మణరావు పంతులుగారికి మనము చెల్లింపదగిన ఋణములో మొదటి కంతు అది.